చిన్న వాటాదారు ఓటుకు బరువు ఎక్కడ పడుతుంది

2008 డిసెంబరు 16 సాయంత్రం హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒక కొనుగోలు ప్రకటించింది. కంపెనీని పెట్టి నడిపిస్తున్న ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామంది. సత్యంలో ఆ కుటుంబం వాటా పది శాతంలోపే. అంటే ఖర్చయ్యే సొమ్ములో తొంభై పాళ్లకు పైగా పరులది, అది చేరేది మాత్రం సొంతింటికి. వాటాదారుల ఓటు అడక్కుండా బోర్డు ఆమోదంతోనే కానిచ్చేద్దామనుకున్నారు. సత్యం షేర్ల బదులు అమెరికా మార్కెట్లో చేతులు మారే పత్రం, ఏడీఆర్, ఆ రోజే సగానికి పైగా కూలింది. పెట్టుబడిదారులు విరుచుకుపడ్డారు. తెల్లారేసరికి కొనుగోలు రద్దయింది. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకుంటూ ఛైర్మన్ ఉత్తరం బయటికొచ్చింది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టేందుకు చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ అని ఆ ఉత్తరంలోనే రాశారు. ఆ దారి మూసింది పోలీసులు కాదు, ఆడిటర్లు కాదు, స్వతంత్ర డైరెక్టర్లు అంతకన్నా కాదు. వాటాదారులు.

సత్యం పేరెత్తగానే మనవాళ్లకు మోసమే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ ఒక్క రాత్రి ముఖ్యం. కంపెనీని వాటాదారులు నిలదీస్తే ఏం జరుగుతుందో మన ఊళ్లోనే కనిపించిన రాత్రి అది. ఆ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టింగ్ నిబంధనలు చిన్న వాటాదారు చేతికి కొన్ని పనిముట్లు ఇచ్చాయి. అవి ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా, పది షేర్లున్నవాడి ఓటుతో ఏమవుతుందిలే అని వదిలేసేవాళ్లే ఎక్కువ. అన్ని తీర్మానాల్లోనూ ఆ మాట నిజం కాదు. ఎక్కడ నిజమో, ఎక్కడ కాదో లెక్కేసి చూడాలి.

ఒక కంపెనీ అనుకుందాం. ప్రమోటర్లకు 52 శాతం, మ్యూచువల్ ఫండ్లు, బీమా, విదేశీ సంస్థలకు 35, మనలాంటి వాళ్లకు 13. ప్రమోటర్లు అందరూ ఓటేస్తారు. సంస్థల్లో తొంభై శాతం వేస్తాయనుకుంటే 31.5. చిల్లర వాటాదారుల్లో పదిమందికొకరు వేస్తే 1.3. మొత్తం పోలైంది 84.8.

సాధారణ తీర్మానమైతే సగానికి మించిన ఓటు చాలు. 52 ఉన్న ప్రమోటరుదే గెలుపు. అక్కడ మన ఓటు నిరసన నమోదు మాత్రమే. ప్రత్యేక తీర్మానమైతే కథ మారుతుంది. అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. పోలైన 84.8లో పావు వంతు 21.2. దానికి మించి వ్యతిరేకం పడితే తీర్మానం ఓడిపోతుంది. ఓటేసిన సంస్థల్లో మూడింట రెండొంతులకు కాస్త పైగా ఎదురు తిరిగితే చాలు. ఇక మూడోది, అసలు బలమైనది: సంబంధిత పార్టీ లావాదేవీ, అంటే ప్రమోటర్లతోనో వాళ్ల సంస్థలతోనో కంపెనీ చేసే లావాదేవీ. పరిమితి దాటిన లావాదేవీ అయితే సంబంధిత పార్టీలు దానికి అనుకూలంగా ఓటేయకూడదు. 52 పక్కకు పోతుంది. మిగిలింది 32.8, అందులో సగం 16.4. ఇప్పుడు చిల్లర వాటాదారుల 1.3 అంటే నాలుగు శాతం. ఆ 13 మొత్తం పోలైతే 44.5లో 29 శాతం. పది షేర్లవాడి ఓటుకు బరువు పెరిగేది ఇక్కడే.

2024 మేలో నెస్లే ఇండియాలో జరిగింది ఇదే. స్విట్జర్లాండ్‌లోని మాతృసంస్థకు కట్టే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి ఏటా 0.15 చొప్పున ఐదేళ్లలో 5.25కు పెంచుతామని పోస్టల్ బ్యాలట్, అంటే సమావేశం లేకుండా జరిపే ఓటింగ్, పెట్టారు. అరవై శాతానికి పైగా వాటా ఉన్న మాతృసంస్థ అనుకూలంగా ఓటేయలేదు, వేయడానికి వీల్లేదు. మిగతావాళ్లలో 57 శాతం వద్దన్నారు. పెంపు ఆగింది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ ఎండీ పునర్నియామకం, జీతం తీర్మానానికి 73 శాతం దాకా వచ్చినా 75 చేరక ఓడింది. బోర్డు జీతం గరిష్ఠ పరిమితిని లాభాల్లో 3 శాతం నుంచి 1.5కు దించుకుని మళ్లీ వచ్చి నెగ్గించుకుంది. 2014లో టాటా మోటార్స్ డైరెక్టర్ల జీతాల తీర్మానాలు కూడా ఇలాగే వీగిపోయాయి.

వీటిలో ఒక్కటీ పొగ గురించి కాదు, నీళ్ల గురించి కాదు, కార్మికుల ప్రాణాల గురించి కాదు. అన్నీ డబ్బు గొడవలే. కారణం చట్టంలోనే ఉంది. ఫలానా విషయం మీద తీర్మానం పెట్టండని వాటాదారులు అడగాలంటే 111వ సెక్షన్ ప్రకారం పది శాతం ఓటింగ్ బలం కావాలి. అసాధారణ సర్వసభ్య సమావేశం పిలిపించడానికి 100వ సెక్షన్ కిందా అదే పది శాతం. పెద్ద కంపెనీలో పది శాతమంటే వేల కోట్లు. అందుకే ఇక్కడ కాలుష్యం మీద వాటాదారుల తీర్మానాలు దాదాపు కనబడవు. అలాగని ఊరుకోనక్కర్లేదు. తీర్మానం పెట్టలేకపోయినా, కంపెనీయే ఏటా మన ముందుకు తెచ్చే తీర్మానం ఒకటుంది. డైరెక్టర్ల నియామకం.

లిస్టెడ్ కంపెనీల్లో, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరు ఉన్నవాటిలో, వెయ్యి పెద్దవాటికి రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ తప్పనిసరి. పర్యావరణ, సామాజిక రిస్కులు చూడటం దాని బాధ్యతల్లో రాసే ఉంది. ఆ కమిటీలో ఎవరెవరున్నారో, ఎన్ని సమావేశాలకు ఎవరు వచ్చారో వార్షిక నివేదికలోని కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో పట్టికగా ఉంటుంది. స్వతంత్ర డైరెక్టర్ నియామకానికి ఇప్పుడు ప్రత్యేక తీర్మానం కావాలి. మొదటి నియామకం ఓడినా, అనుకూల ఓట్లు మొత్తంలోనూ ప్రమోటర్లు కానివారిలోనూ వ్యతిరేకాన్ని మించితే నెగ్గినట్టే అని 2022లో వెసులుబాటిచ్చారు. ఫ్యాక్టరీలో వరసగా రెండేళ్లు మరణాలు జరిగి, కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుని లేచిపోతే, ఆ కమిటీ అధ్యక్షుడి రెండో విడత నియామకానికి వద్దని ఓటేయండి. వేసి, ఎందుకు వేశారో కంపెనీ సెక్రటరీకి, ఆ షేర్లున్న ఫండ్లకు రాయండి. కారణం తెలియని వ్యతిరేక ఓటు ఎవరినీ కదిలించదు.

కారణం ఎక్కడ దొరుకుతుంది? బీఆర్ఎస్ఆర్‌లో. వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక అన్నమాట. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు సెబీ తప్పనిసరి చేసింది. వార్షిక నివేదికలోనే ఉంటుంది. తొమ్మిది సూత్రాల కింద ప్రశ్నలు, జవాబులు. ఫొటోలు, నినాదాలు దాటేసి సరాసరి నాలుగు చోట్లకు వెళ్లండి.

మొదట భాగం ‘ఎ’లో, ఈ వివరాలు కంపెనీ ఒక్కదానివా, అనుబంధ సంస్థలతో కలిపా అనే ప్రశ్న చూడండి. విడిగా అని రాస్తే, ప్రమాదకరమైన పని చేసే అనుబంధ సంస్థ ఈ నివేదికలో లేనట్టే. ఇది చూడకుండా మిగతా అంకెలు చదివి లాభం లేదు. రెండోది మూడో సూత్రం కింద భద్రత పట్టిక. పది లక్షల పనిగంటలకు గాయాల రేటు, మరణాల సంఖ్య ఉద్యోగులకు, కార్మికులకు వేర్వేరు వరసల్లో ఉంటాయి. కాంట్రాక్టు కార్మికులు కూడా అందులో కలవాలి. అదే ఏడాది పేపర్లో కాంట్రాక్టు కూలీల మరణం వచ్చి, ఇక్కడ సున్నా ఉంటే ప్రశ్న పుట్టినట్టే.

మూడోది ఆరో సూత్రం. కరెంటు, నీళ్లు, ఉద్గారాలు. ఇక్కడ చాలామంది బోల్తా పడేది తీవ్రత అంకె దగ్గర. రూపాయి టర్నోవరుకు ఇన్ని లీటర్లు అని ఇస్తారు. సరుకు ధర పెరిగితే టర్నోవరు పెరుగుతుంది, ఒక్క చుక్క ఆదా చేయకపోయినా తీవ్రత తగ్గుతుంది. కాబట్టి మొత్తం కిలోలీటర్లు చూడండి, టన్ను ఉత్పత్తికి ఎంతో చూడండి. టన్నుకు ఇవ్వకపోతే అదే అడగాల్సిన ప్రశ్న. నాలుగోది అదే సూత్రంలో, పర్యావరణ చట్టాలన్నీ పాటిస్తున్నారా, అవునా కాదా అనే గడి. ‘అవును’ అని రాసి ఉంటే దాన్ని బయటి కాగితాలతో పోల్చాలి.

ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలని 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చెబుతుంది. అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో దొరుకుతాయి. నీటి కాలుష్య చట్టం 33ఏ సెక్షన్ కింద, వాయు కాలుష్య చట్టం 31ఏ కింద కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులు, హెచ్చరికలు ఇస్తుంది. దొరక్కపోతే మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. యూనిట్ పేరు, సర్వే నంబరు, ఏ సంవత్సరాలో రాయండి. ‘ఈ కంపెనీ మీద ఉన్నవన్నీ ఇవ్వండి’ అని రాస్తే తిరిగొచ్చేస్తుంది. ఒక ఉత్తర్వు నకలు చేతిలో ఉండి, అదే ఏడాది బీఆర్ఎస్ఆర్ గడిలో ‘అవును’ ఉంటే, అంతకన్నా పదునైన ప్రశ్న ఇంకోటి ఉండదు.

మన దగ్గర ఈ పని చేయడానికి కారణాలకు కొదవ లేదు. పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల మురుగు మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు దశాబ్దాలు నడిచింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కన్నా అది ఎక్కువ. మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆ ఫ్యాక్టరీలకు పెట్టుబడి పెట్టినవాళ్లలో ప్రపంచమంతటి ఫండ్లున్నాయి. 2016లో ఉత్తర యూరప్‌కు చెందిన నార్డియా అనే ఫండ్ సంస్థ హైదరాబాద్, విశాఖపట్నం మందుల పరిశ్రమల కాలుష్యంపై క్షేత్రస్థాయి నివేదిక వేయించి బయటపెట్టింది. వాళ్లు చేసింది, మనం చేయంది ఒక్కటే. వచ్చి చూశారు, రాసిచ్చి అడిగారు. ఇస్నాపూర్ పక్కనే ఇల్లుండి అదే కంపెనీ షేరు డీమ్యాట్‌లో ఉన్నవాడికి అడిగే హక్కు వాళ్లకన్నా తక్కువేం కాదు.

అమ్మేసి వెళ్లిపోవడం మంచిది కాదా అని చాలామంది అడుగుతారు. నియమగిరి చూద్దాం. ఒడిశాలో డోంగ్రియా కోందుల కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయంలో నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లోనే వేదాంతను తన జాబితా నుంచి తీసేసింది. 2010లో ఇంగ్లండ్ చర్చి తన షేర్లు అమ్మేసింది. రెండూ పేపర్లకెక్కాయి, లండన్‌లో ఏటా జరిగే వాటాదారుల సర్వసభ్య సమావేశాల్లో (ఏజీఎం) కంపెనీకి ముచ్చెమటలు పట్టాయి. అయినా అమ్మిన ప్రతి షేరూ ఇంకొకరు కొన్నారు. తవ్వకం ఆగింది 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి వద్దని చేతులెత్తినప్పుడు. వాటాదారుల ఒత్తిడి ఊరి పోరాటానికి తోడు వస్తుంది, దాని బదులు రాదు. నా మటుకు నాకు, మూడేళ్లు రాతపూర్వకంగా అడిగి జవాబు రాని కంపెనీని అమ్మేయడం సబబు. అడక్కుండా అమ్మితే మన ఒళ్లు మాత్రమే దులుపుకున్నట్టు. కొత్తగా కొనేవాడు అడిగేవాడై ఉంటాడన్న నమ్మకం లేదు.

ఈ పనిముట్టు అందని చోటు కూడా చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఎల్జీ పాలిమర్స్ ఇండియా లిస్టెడ్ కాదు, మొత్తం వాటా దక్షిణ కొరియాలోని ఎల్జీ కెమ్‌ది. ఇక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీల్లో దాని షేరే లేదు, కాబట్టి ఇక్కడి వాటాదారు లేడు, ఓటు లేదు, బీఆర్ఎస్ఆర్ లేదు. అలాంటి చోట అడగగలిగింది సియోల్‌లో లిస్టయిన మాతృసంస్థ వాటాదారులు మాత్రమే. ఇక్కడ మిగిలేది కోర్టు, హరిత ట్రిబ్యునల్, మండలి. కంపెనీ లిస్టెడా కాదా అన్నది మొదటి రోజే చూసుకోండి. నెలలు పోసి నివేదికలు చదివాక తెలిస్తే ఆ శ్రమంతా వృథా.

ఇక ఓటు వేసే పద్ధతి. మార్చితో ఏడాది ముగిసే కంపెనీల ఏజీఎం సెప్టెంబరు 30లోపు జరగాలి. అందుకే జులై నుంచి సెప్టెంబరు దాకా నోటీసుల వాన. సమావేశానికి నిండు 21 రోజుల ముందు నోటీసు మెయిల్‌లో వస్తుంది. రావడం లేదంటే తొంభై పాళ్లు డీమ్యాట్ ఖాతాలో పాత మెయిల్ ఐడీ ఉండి ఉంటుంది. బ్రోకరు యాప్‌లో మార్చిన మెయిల్ డిపాజిటరీ (షేర్ల ఖాతాలు నిర్వహించే ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్) దగ్గర కూడా మారిందో లేదో చూసుకోవాలి. నోటీసులో మొదట వెతకాల్సింది కట్-ఆఫ్ తేదీ. సమావేశానికి ఏడు రోజులలోపే ఉంటుంది. ఆ రోజు ఖాతాలో షేరు ఉన్నవాడికే ఓటు. ఓటు కోసమే ఒక షేరు కొనేవాళ్లు కట్-ఆఫ్‌కు కనీసం రెండు పనిదినాల ముందు కొనండి. సెటిల్‌మెంట్‌కు ఒక పనిదినం పడుతుంది, మధ్యలో సెలవొస్తే ఆ ఒక్క రోజు చేయి జారిపోతుంది.

రిమోట్ ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, సమావేశం ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూస్తారు. ఎన్ఎస్‌డీఎల్ ఖాతా అయితే దాని ఈ-సర్వీసెస్, సీడీఎస్ఎల్ అయితే ఈజీ లాగిన్ నుంచి వెళితే చాలు. ఓటింగ్ నడిపేది హైదరాబాద్‌లోని కేఫిన్ అయినా ఇంకొకరైనా అక్కణ్ణుంచే ఆ పేజీకి తీసుకెళుతుంది. ఏ కంపెనీకి ఏ సైటో వెతుక్కోనక్కర్లేదు. ప్రతి తీర్మానం పక్కనా అనుకూలం, వ్యతిరేకం ఉంటాయి. ఒకసారి ఖాయం చేశాక మార్చలేం. కాబట్టి వివరణ పత్రం చదవకుండా అన్నింటికీ ఒకే మీట నొక్కేయకండి. రిమోట్‌లో ఓటేసినవాళ్లు సమావేశానికి రావచ్చు, మాట్లాడొచ్చు, మళ్లీ ఓటేయలేరు. షేర్లు అప్పిచ్చే పథకంలో పెట్టినవాళ్లకు ఆ రోజు ఆ షేర్ల మీద ఓటుండదు, ముందే వెనక్కి తెప్పించుకోవాలి. పోస్టల్ బ్యాలట్ మాత్రం ఏ నెలలోనైనా రావచ్చు, 30 రోజులు తెరిచి ఉంటుంది. నెస్లే రాయల్టీ లాంటివి వచ్చేది ఇలాగే. ఏజీఎం ఋతువు అయిపోయిందని మెయిళ్లు చూడటం మానేస్తే అసలైన ఓటే తప్పిపోతుంది.

ఏజీఎంలో మాట్లాడటానికి ముందుగా వక్తగా నమోదు కావాలి. నోటీసులో గడువు ఉంటుంది. రిజిస్టరైన మెయిల్ నుంచే, పేరు, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ, పాన్, ఫోన్ నంబరుతో రాయాలి. వేరే మెయిల్ నుంచి రాస్తే తిరస్కరిస్తారు. ఇచ్చే సమయం రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయాన్ని ఛైర్మన్ గారి దార్శనికతను పొగడటానికీ, బోనస్ షేర్లు అడగటానికీ, ఫ్యాక్టరీ చూపించమనడానికీ ఖర్చు చేసే వక్తలే ప్రతి ఏజీఎంలో ఎక్కువ. నిజమైన ప్రశ్నకు మిగిలే చోటు కొంచెమే కాబట్టి ప్రశ్నను ముందే రాసి పంపాలి, సభలో దాన్నే చదవాలి.

ప్రశ్న ఎలా ఉండాలంటే: ‘వార్షిక నివేదిక 142వ పేజీలో మూడో యూనిట్ శుద్ధి చేసిన నీరు బయటికి వదలడం లేదని ఉంది. ఆ యూనిట్‌కు ఫలానా తేదీన మండలి 33ఏ కింద ఇచ్చిన ఉత్తర్వులో వాగులోకి వదిలినట్టు ఉంది. రెంటిలో ఏది సరి? ఆ ఉత్తర్వు తర్వాత ఎంత ఖర్చుతో ఏం మార్చారు? రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ ఏ సమావేశంలో చర్చించింది?’ పేజీ, తేదీ, కమిటీ. ఈ మూడూ ఉంటే ‘పర్యావరణానికి మేం కట్టుబడి ఉన్నాం’ అనే ఒక్క వాక్యంతో తప్పించుకోవడం కష్టం. ‘మీరు కాలుష్యం ఎందుకు చేస్తున్నారు’ అని అడిగితే సరిగ్గా ఆ ఒక్క వాక్యమే జవాబుగా వస్తుంది. ఛైర్మన్ ‘విడిగా మెయిల్ చేస్తాం’ అంటే అది కూడా రికార్డయినట్టే. వీడియో ద్వారా జరిగే ఏజీఎంల లిఖిత ప్రతిని పబ్లిక్ కంపెనీలు వెబ్‌సైట్లో పెట్టాలి. గత మూడేళ్ల సభల మినిట్స్ సాఫ్ట్ కాపీ సభ్యుడు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, కాగితం మీద అయితే పేజీకి పది రూపాయలు మించకుండా తీసుకుని ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. మీ ప్రశ్న మినిట్స్‌లో ఉందో లేదో చూసుకోండి.

నేరుగా షేర్లు లేనివాళ్లు తమకు సంబంధం లేదనుకోవద్దు. నెలకు వెయ్యి రూపాయల సిప్ ఉన్నా మీ తరఫున ఎవరో ఓటేస్తున్నారు. మ్యూచువల్ ఫండ్లు, ఇండెక్స్ ఫండ్లతో సహా, ప్రతి తీర్మానం మీదా ఓటేయాలని సెబీ నిర్దేశించింది. ఎలా వేశారో, కారణంతో సహా మూడు నెలలకొకసారి వెబ్‌సైట్లో పెట్టాలి. ఎక్సెల్ ఫైలులో వందల వరసలుంటాయి. కంపెనీ పేరుతో వెతికి, మీరు వద్దనుకున్న తీర్మానానికి మీ ఫండ్ ఏమందో చూడండి. కారణం గడిలో ‘చట్టానికి లోబడి ఉంది’ అన్న మాటే వరసబెట్టి కనబడితే, ఆ వరస నంబరు రాసి ఫండ్ సంస్థకు మెయిల్ పెట్టండి. పై లెక్కలో 35 శాతం వాళ్లదే. గెలుపోటములు తేల్చేది వాళ్లే, వాళ్లకు డబ్బిచ్చింది మనం. ఉద్యోగుల పీఎఫ్‌లో కొంత 2015 నుంచి ఈటీఎఫ్‌ల (ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్మే ఫండ్ల) ద్వారా షేర్లలోకి వెళుతోంది, అంటే జీతగాళ్లలో చాలామంది తెలియకుండానే వాటాదారులు.

ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అని పేరున్న ఫండ్లు కొంటే సరిపోదా అంటే, కొనేముందు మొదటి పది షేర్లు చూడండి. పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీలు వరసగా కనిపిస్తే అది మామూలు పెద్ద కంపెనీల ఫండుకు దగ్గరి చుట్టమే. 2023లో సెబీ ఈ ఫండ్లను ఆరు రకాలుగా విడగొట్టి, ఏ పద్ధతో పేరులోనే చెప్పమంది. కొన్ని రంగాలను పక్కనపెట్టేది ఒక రకం, మారుతున్న కంపెనీలతో కలిసి నడిచేది ఇంకో రకం. నాకు రెండోదే నచ్చుతుంది, అయితే అది నిజంగా కంపెనీలను అడుగుతోందో లేదో తేలేది పైన చెప్పిన ఓట్ల ఫైలులోనే.

పెద్ద ఆయుధాలు కొన్ని ఉన్నాయి, వాడినవాళ్లు అరుదు. ముఖవిలువ లెక్కన 20,000 రూపాయల లోపు షేర్లున్నవాళ్లు చట్టం దృష్టిలో చిన్న వాటాదారులు. ముఖవిలువ రూపాయి అయితే ఇరవై వేల షేర్ల దాకా చిన్నవాడే, మార్కెట్ ధరతో పని లేదు. అలాంటివాళ్లు వెయ్యి మందో, లేక వాళ్లలో పదో వంతో, ఏది తక్కువైతే అంతమంది 14 రోజుల ముందు నోటీసిస్తే 151వ సెక్షన్ కింద తమ డైరెక్టరును ఎన్నుకునే వీలుంది. ‘ఎన్నుకోవచ్చు’ అన్న మాట దగ్గరే పేచీ. కంపెనీ తప్పనిసరిగా పెట్టాలా అనే వాదన లేవదీస్తారు. 160వ సెక్షన్ కింద ఏ సభ్యుడైనా లక్ష రూపాయల డిపాజిట్‌తో ఒకరి పేరు డైరెక్టరుగా ప్రతిపాదించవచ్చు. పోలైన ఓట్లలో పావు వంతు దాటితే ఓడినా డబ్బు తిరిగొస్తుంది. సత్యం విషయంలో అమెరికా మదుపరులకు 12.5 కోట్ల డాలర్ల పరిహారం క్లాస్ యాక్షన్ దావాలో, అంటే నష్టపోయినవాళ్లందరి తరఫున వేసే ఉమ్మడి దావాలో, దక్కింది, అలాంటి దారి లేక ఇక్కడివాళ్లు చేతులు నలుపుకున్నారు. ఇప్పుడు 245వ సెక్షన్ ఉంది, వందమంది సభ్యులు కలిసి ఎన్‌సీఎల్‌టీకి (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు) వెళ్లవచ్చు. బ్యాంకులకు అది వర్తించదు.

అమెరికాలో పనిచేస్తూ కంపెనీ షేర్లు జీతంలో భాగంగా అందుకున్న తెలుగువాళ్లకు ఇంకా సులువైన తలుపు ఉంది. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 14ఏ-8 నియమం ప్రకారం 2,000 డాలర్ల షేర్లు మూడేళ్లుగా పట్టుకున్నవాళ్లు 500 పదాల లోపు తీర్మానం ఒకటి పంపవచ్చు. ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది బ్రోకరు ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం దగ్గరే. తీర్మానం పంపిన తేదీకి, ధ్రువపత్రంలోని తేదీకి ఒక్క రోజు తేడా ఉన్నా కంపెనీ పట్టుకుంటుంది. ఈ నియమం అమలు మీద అక్కడ పెద్ద రగడ నడుస్తోంది, పంపేముందు తాజా నోటీసు చూసుకోవాలి. ఎంత తక్కువ వాటాతో ఎంత కదిలించవచ్చో 2021 మేలో ఎక్సాన్‌మొబిల్‌లో తెలిసింది. 0.02 శాతం ఉన్న ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్, పెద్ద పింఛను నిధులను కూడగట్టి ముగ్గురు డైరెక్టర్లను గెలిపించుకుంది.

ఏజీఎం ముగిసిన రెండు పనిదినాల్లో ఫలితాలు ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లలో పెట్టాలి. ప్రతి తీర్మానానికీ ఒక పట్టిక ఉంటుంది, అందులో మూడు వరసలు: ప్రమోటర్లు, సంస్థలు, సంస్థలు కాని ప్రజలు. కింద మొత్తంలో 97 శాతం అనుకూలం అని చూసి నిరుత్సాహపడకండి. సంస్థల వరసలో వ్యతిరేకం ఎంతో చూడండి. అక్కడ 20 శాతం దాటితే బోర్డు రూములో దాని గురించి మాట్లాడుకుంటారు. తర్వాత మూడో వరస చూడండి, పోలైన శాతం గడి. మన ఓట్లలో ఎంత భాగం పడిందో అక్కడ ఉంటుంది. ఆ అంకెనూ, లిఖిత ప్రతిలో ఛైర్మన్ ఇచ్చిన జవాబునూ ఒకే ఫైలులో పెట్టుకోండి. వచ్చే ఏడాది ప్రశ్న మొదలయ్యేది ఆ జవాబు పేజీ నంబరుతోనే.